పెరిగే పిల్లకి చిన్న కొలత

పాలు లీటర్లలో కొలుస్తారు. కిరసనాయిలు లీటర్లలో పోసేవారు. మా అమ్మ బియ్యం మానికతోనూ, నెయ్యి గిద్దెతోనూ కొలిచేది. అంతేగాని బల్లని లీటర్లలో కొలుస్తారని నాకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు.

"ఎన్ని లీటర్లది చూపించమంటారు?" అని కొట్లో కుర్రాడు మా అమ్మాయిని ఇంగ్లీషులో అడిగితే, పక్కన నించున్న నేను నూనెకి వచ్చామేమో, డబ్బా తెచ్చుకోలేదే అని కంగారుపడ్డాను. నవ్వకండి. చుట్టూ చూస్తే నూనె లేదు, పప్పు లేదు. గోడ నిండా బల్లలు. ఇస్త్రీబల్ల అంతవి కొన్ని, వాకిట్లో వేసుకునే బెంచీ అంతవి కొన్ని. ఒక్కొక్కదాని మీదా అంకె వేసి వుంది. 45, 65, 80, 95, 110.

ఇది 2023 వేసవి సంగతి. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఫాస్టర్ సిటీ అని ఓ వూరుంది. 1960లలో చిత్తడినేలని మెరక చేసి కట్టిన వూరు. సాయంత్రం కరకట్ట మీద నడకకి వెళితే తెలుగు వినిపించని రోజుండదు. "పప్పు నానబోశావా?" అన్న మాట చెవిని పడి, నన్నేనేమోనని వెనక్కి తిరిగిన సందర్భాలు బోలెడు. ఆ వూళ్ళోనే మా అమ్మాయి కాపురం. నలభై రెండేళ్ళు దానికి. పదిహేడేళ్ళ కొడుకు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని మెడ పట్టేసి, డాక్టరు దగ్గరకి వెళ్ళి, చివరికి ఓ రోజు కరకట్ట మీద నించుని నీళ్ళకేసి చూస్తూ, "అమ్మా, నేనూ అది నేర్చుకుంటాను" అంది.

అది అంటే ఏమిటో చెప్పాలి. నీళ్ళమీద ఒక మనిషి. చేతుల్లో గాలి నింపిన పెద్ద రెక్క, గబ్బిలం రెక్కలా. ఆ రెక్క బల్లకి కట్టి వుండదు, చేత్తో పట్టుకోవడమే. కాళ్ళకింద బల్ల. ఆ బల్ల నీటిమీద వుండదు సుమండీ, నీటికి మూరెడెత్తున గాలిలో వుంటుంది! మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. బల్ల అడుగున ఒక నిలువు కడ్డీ, ముప్పావు మీటరుకి కాస్త అటూ యిటూ. దాని చివర పిల్లలాడుకునే విమానం బొమ్మలాంటిది. అది నీళ్ళలో మునిగి వుంటుంది. వేగం అందుకోగానే విమానం రెక్క గాలిలో చేసే పనే ఆ చిన్న రెక్క నీళ్ళలో చేసి, బల్లనీ మనిషినీ కలిపి పైకెత్తేస్తుంది. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగింతలవుతుంది. దీని పేరు ఫాయిల్. రెక్క పట్టుకుని చేసే ఈ ఆటని వింగ్ ఫాయిలింగ్ అంటారు.

ఇదేదో నిన్నామొన్నటి వెర్రి అనుకున్నాను. కాదట. 1906లోనే ఫోర్లానీనీ అనే ఇటలీ ఆయన ఇల్లాంటి రెక్కలున్న పడవని అక్కడి సరస్సు మీద నీటికి పైకి లేపాడు. టెలిఫోను తయారుచేసిన గ్రాహంబెల్ వుండేవాడే, ఆయన తన ముసలితనంలో ఇదే పిచ్చిలో పడి, 1919లో కెనడాలో ఇల్లాంటి పడవని గంటకి 70 మైళ్ళు దాటించాడు. 2013లో అమెరికా కప్ పందేలు శాన్ ఫ్రాన్సిస్కోలోనే జరిగితే, 72 అడుగుల తెరచాప పడవలు ఇల్లాగే నీటి మీదికి లేచి పరుగెత్తాయి. మా అల్లుడు ఆ ముచ్చట ఇప్పటికీ అన్నం మానేసి చెబుతాడు. చేతిరెక్కలు మాత్రం 2019 ప్రాంతాల్లోనే కొట్లలోకి వచ్చాయి.

సరే, కొట్టు సంగతికి వద్దాం. ఆ కుర్రాడు నాలుగు ప్రశ్నలు వేశాడు. ఎక్కడ ఆడతారు? ఇదివరకు ఏం వచ్చు? వారానికి ఎన్నిసార్లు వెళతారు? బరువెంత? పెళ్ళిచూపుల్లో కూడా ఇంత సూటిగా అడగరు. మొదటి మూడింటికీ నిజమే చెప్పింది. నాలుగోదానికి "యాభై ఎనిమిది కిలోలు" అంది మా అమ్మాయి, నా మొహంకేసి చూడకుండా. దాని స్నానాలగదిలో తూకం మిషను నేనూ చూశాను. అరవై మూడు. అయిదు కిలోలకి ఏమొచ్చింది, మనలో ఎవరు చెప్పం గనకనా? అనుకుని వూరుకున్నాను.

ఈ బల్ల లెక్కలో మాత్రం ఆ అయిదు కిలోలూ అయిదు లీటర్లు. ఎందుకంటే లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. ఉప్పునీళ్ళయితే ఓ పాతిక గ్రాములు ఎక్కువ. ఎన్ని లీటర్ల బల్ల అయితే రమారమి అన్ని కిలోల బరువు తేలుతుంది. చిన్నప్పుడు ఆర్కిమెడీస్ అని వల్లెవేసి పరీక్ష రాసి మర్చిపోయిన ముక్క యిది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమ బరువుమీద ఇరవై నుంచి నలభై లీటర్లు కలుపుకుని తీసుకోవాలి. కాస్త చెయ్యి తిరిగాక, ఎన్ని కిలోల మనిషైతే అన్ని లీటర్లు. బాగా ఆరితేరినవాళ్ళు బరువుకన్నా పది, ఇరవై, ముప్ఫై లీటర్లు తక్కువది కూడా వాడతారు. అలాంటి బల్లమీద కదలకుండా నించుంటే అది మునిగిపోతుంది. వాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలోంచే, గాలి రెక్కని లాగే బలంతో పైకి తేలి ఎగిరిపోతారు.

పోనీ, చిన్నబల్ల దేనికి, హాయిగా పెద్దదే వాడుకోవచ్చు కదా అని మీకు తోస్తుంది. నాకూ తోచింది. కాని ఒకసారి గాలిలోకి లేచాక బల్ల చేసే పనేమీ లేదు. కిందనున్న ఫాయిలే మోస్తుంది. పెద్దబల్ల అప్పుడు ఉత్త బరువు. తిప్పబోతే తిరగదు, గాలి కొడితే వూగుతుంది, పొరపాట్న నీటికి తగిలితే ముఖాన కొట్టినట్టు ఆగుతుంది. చూశారా చిత్రం! పెద్దబల్ల అవసరమల్లా మొదటి అరనిమిషమే. మోకాళ్ళమీద కూర్చున్న మనిషి లేచి నించుని, గాలిని పట్టి, వేగం అందుకునేదాకా. ఆ అరనిమిషం గడిచిందా, మిగతా అరగంటా అది అనవసరం. గడవలేదా, మిగతా అరగంటే లేదు.

కుర్రాడు 90గాని 95గాని తీసుకోమన్నాడు. వెడల్పాటిది చూసుకోమన్నాడు. లీటర్లు ఒకటే అయినా పొట్టిగా వెడల్పుగా వుండేది నిలకడగా వుంటుందిట. ఈమధ్య వస్తున్న పొడవాటి సన్నబల్లలు త్వరగా పరుగందుకుంటాయిగాని పక్కలకి దొర్లుతాయిట. మా అమ్మాయి అంతా విని, "65 చాలు" అంది. ఎందుకే అంటే, "ఆర్నెల్లకి ఎల్లాగూ చిన్నది కావాలమ్మా. రెండుసార్లు డబ్బు తగలెయ్యడం దేనికి?" అంది.

వినడానికి సబబుగానే వుంది. మనమూ ఇల్లాంటి లెక్కలు వేసినవాళ్ళమే. నా చిన్నప్పుడు పండక్కి బట్టలు కుట్టించడానికి మా అమ్మ నన్ను టైలరు దగ్గరకి తీసుకెళ్ళి, కొలత తీస్తున్నంతసేపూ "లూజు పెట్టండి, పెరిగే పిల్ల" అని ఒకటే పాట. ఆ పరికిణీ మొదటి ఏడు నేల వూడ్చేది, రెండో ఏడు సరిపోయేది, మూడో ఏడు టక్కులు విప్పేవాళ్ళం. చెప్పులూ అంతే, ముందు దూది కుక్కుకుని తొడుక్కున్నాం. పెరిగే పిల్లకి పెద్దది కొనాలని మనకి తెలుసు.

మరి ఇక్కడ తిరగబడింది చూడండి. బల్ల విషయంలో పెరగడమంటే బల్ల చిన్నదవడం. రేపటి మనిషికి సరిపోయేలా కొనాలంటే చిన్నది కొనాలి. ఇవాళ్టి మనిషికైతే పెద్దది కొనాలి. లూజు పరికిణీ కట్టుకుని బడికి వెళ్ళొచ్చు, ఇద్దరు నవ్వుతారు, అంతే. కొలతకన్నా చిన్న బల్లమీద నీళ్ళలోకి వెళితే ఏం జరుగుతుందో నేను వరసగా మూడు ఆదివారాలు కరకట్ట మీద గొడుగు వేసుకు కూర్చుని చూశాను.

ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. దాని బరువు అరవై మూడు. నీళ్ళు పీల్చిన రబ్బరు దుస్తులు, ఫాయిలు, బల్ల సొంత బరువు, చేతిలో రెక్క, అంతా కలిపితే ఎనభై. బల్ల తేల్చేది అరవై ఆరో అరవై ఏడో. ఎక్కేది, బల్ల మునిగేది, ఒరిగేది, అటు పడేది. మళ్ళీ ఎక్కేది, ఇటు పడేది. ఆ గాలి మామూలుది కాదు. వేసవిలో లోపలి లోయ ఎండకి కాగి వేడిగాలి పైకి లేస్తుంటే, మధ్యాన్నమయ్యేసరికి సముద్రం మీది చల్లగాలి కొండల సందులోంచి దూసుకొస్తుంది. రోజూ గడియారం పెట్టినట్టు వస్తుంది. దాని పక్కనుంచే ఓ తెల్లజుట్టు పెద్దమనిషి, నా వయస్సువాడే, 110 లీటర్ల బల్లమీద చెంబు పట్టుకుని పెరట్లోకి వెళుతున్నంత తీరిగ్గా లేచి నించుని ఎగిరిపోయేవాడు.

మూడో ఆదివారం ఒడ్డుకొచ్చి, పెదవులు నీలంగా, రాళ్ళమీద కూలబడింది. నేను తువ్వాలు కప్పుతూ, "పెద్దది తీసుకోరాదుటే? కుర్రాడు చెప్పనే చెప్పాడు" అన్నాను.

అది తలెత్తి, "నువ్వెప్పుడూ నాకు పెద్ద బల్లే కొన్నావమ్మా" అంది.

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. దాని అర్థం మా ఇద్దరికే తెలుసు.

1999లో దానికి పద్ధెనిమిదేళ్ళు. ఇంటిగోడల మీద, పాత కేలెండర్ల వెనకా ఇళ్ళు గీసేది. తలుపు ఎటు తెరుచుకుంటే గాలి వస్తుందో, వంటింట్లో పొగ ఎటు పోవాలో, అన్నీ గీసేది. హైదరాబాదు వెళ్ళి ఆర్కిటెక్చరు చదువుతానంది. అయిదేళ్ళ చదువు, హాస్టలు, ఆ వూళ్ళో మాకు నా అన్నవాళ్ళు లేరు. మా వూళ్ళోనే కంప్యూటరు కోర్సు వుంది. నాలుగేళ్ళు, ఇంటి భోజనం, పొద్దున్న వెళితే సాయంత్రానికి గడపలో వుంటుంది. అందరూ కంప్యూటర్లే అంటున్న రోజులు. మావారు "దాని యిష్టం" అన్నారు. నేనే వొప్పుకోలేదు. రెండు రోజులు అన్నం తినలేదు కూడాను. అది కంప్యూటర్లలో చేరింది. ఆ చదువే దాన్ని ఇక్కడికి తెచ్చింది, ఇల్లిచ్చింది, కారిచ్చింది. తప్పు చేశానని ఎవరూ అనరు. అదీ ఎన్నడూ అనలేదు, ఆ రోజుదాకా.

ఆ రాత్రి నిద్రపట్టక, మనవడి గది ముందునుంచి వెళుతూంటే వాడు తన బల్లకి మైనం రాస్తున్నాడు. వాడిదీ ఫాయిలింగే, కాని వేరే జాతి. ప్రోన్ ఫాయిలింగ్ అంటారు. రెక్కాగిక్కా వుండదు. బల్లమీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ అలకి ఎదురు వెళ్ళి, అల వచ్చి లేపినప్పుడు ఒక్క వూపులో కాళ్ళమీదకి లేవాలి. ఆ తరవాత ఫాయిలు ఎత్తుకుంటుంది. వాడి బల్ల చూస్తే నాకు నవ్వొచ్చింది. నాలుగున్నర అడుగులు. 33 లీటర్లు. వాడు అరవై కిలోలు.

"నీకు 33 ఎల్లా సరిపోయిందిరా? మీ అమ్మకి 65 చాలడం లేదు" అన్నాను.

వాడి తెలుగు వాడిది. "నాకు అల తోస్తుంది అమ్మమ్మా. అమ్మకి ఎవరూ తొయ్యరు. తనే లేవాలి" అన్నాడు.

తరవాత వివరంగా చెప్పాడు. బోర్లా పడుకున్నవాడు సగం నీళ్ళలోనే వుంటాడు కాబట్టి బల్ల అంతా మొయ్యక్కర్లేదు. కదలని నీళ్ళమీద వాడు ఎన్నడూ నించోడు. నించునే క్షణానికి అల కిందికొచ్చి పరుగు పెట్టిస్తూ వుంటుంది. పైగా ఎదురొచ్చే అల కిందనుంచి బల్లతో సహా మునిగి అవతల తేలాలి, పెద్దబల్ల అయితే మునగదు. అల్లాగని మరీ చిన్నదైతే చేతులతో తోసుకుంటూ అలని అందుకోలేం. కొత్తవాళ్ళకి అయిదడుగులూ, నలభై అయిదు లీటర్లూ దాకా మంచిదట. వాడైనా ముందు నాలుగేళ్ళు మామూలు పలకమీద అలల్లో తిరిగి తిరిగి, ఆ తరవాతే దీనికి వచ్చాడు.

మంచంమీద పడుకుని ఆ మాటే తిరగేశాను. ఒకే బరువు మనుషులకి రెండు కొలతలు! అయితే కొలత మనిషిది కాదన్నమాట. తోసేది ఏది, ఎక్కణ్ణించి వస్తుంది అన్నదాన్ని బట్టి బల్ల.

మా మేనత్త గుర్తొచ్చింది. ముప్ఫయ్యేళ్ళకి పసుపు కుంకుమలు పోయి, ఇద్దరు పిల్లలతో టీచరు ట్రైనింగు అయ్యి, పల్లెటూరి బళ్ళో చేరింది. హెడ్మిస్ట్రెస్‌గా వేస్తాం, టౌనుకి రమ్మంటే వెళ్ళలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ బడీ, ఆ రెండుగదుల ఇల్లూ పట్టుకుని ముప్ఫయ్యేళ్ళు కూర్చుంది. మేమంతా "అత్తయ్యకి ధైర్యం చాలదు" అనుకునేవాళ్ళం. మా వీధిలోనే ఇంకో అబ్బాయి పదిహేడేళ్ళకి ఢిల్లీ వెళ్ళి వ్యాపారం పెట్టాడు. ఆహా ఏం తెగువ అన్నాం. వాడికి అక్కడ మేనమామ ఇల్లుంది, మేనమామ డబ్బుంది, పోతే వెనక్కి వచ్చి కూర్చోడానికి తాతగారి పొలముంది. అల వాడి కిందే వుంది. అత్తయ్య కదలని నీళ్ళమీద నించుంది. తెగువ ఎవరిది? ఇన్నేళ్ళకి అడుగుతున్నాను.

ఆ లెక్కన మా అమ్మాయి సంగతేమిటి? 1999లో దాని కింద అల లేదా? మంచి ర్యాంకు వచ్చింది. డ్రాయింగు మాస్టారు మా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళారు. తండ్రి సరేనన్నారు. అంతకన్నా ఇంకేం అల కావాలి? బల్ల కొలత నేను తీసింది దానికి కాదు. హైదరాబాదు బస్సుస్టాండులో దాన్ని దింపి ఒంటరిగా తిరిగి రావడానికి వణికిన మనిషి ఇంకొకతె వుంది, ఆవిడకి తీశాను.

ఇది అర్థమయ్యాక ఏం చెయ్యాలి? నేను చేసిందేమిటంటే, నోరు మూసుకున్నాను. పెద్దబల్ల మాట మళ్ళీ ఎత్తకూడదనుకున్నాను. నాలుగో ఆదివారం అది బయల్దేరుతూంటే, కాఫీ కలిపిచ్చి, నవ్వుతూ, "వెళ్ళిరా" అన్నాను. ఇరవై నాలుగేళ్ళ బాకీ ఆ ఒక్క నవ్వుతో తీరుతుందనుకున్నాను కాబోలు.

ఆ రోజు అది లేచింది. నిజంగా లేచింది. నాలుగైదు గజాలు. నేను కరకట్ట మీద చప్పట్లు కొట్టాను. మళ్ళీ ప్రయత్నిస్తూ, పడుతూ, దూరం వెళ్ళిపోయింది. అయిదున్నరకి గాలి పడిపోయింది. రోజూ చీకటిపడేదాకా వుండే గాలి, విసనకర్ర చేతిలోంచి జారినట్టు, ఠక్కున ఆగిపోయింది. పెద్దబల్లల వాళ్ళు ఏం చేశారో చూశాను. రెక్క వెనకాల పడేసి, బల్లమీద బోర్లా పడుకుని, చేతులతో తోసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ఒడ్డుకొచ్చేశారు. తెల్లజుట్టాయన ఈల కూడా వేస్తున్నాడు. మా అమ్మాయి బల్ల దాన్ని మొయ్యదు. సగం ఈదుతూ, సగం లాక్కుంటూ, నానిన రెక్క వెనక్కి పీకుతూంటే, పోటునీళ్ళు దాన్ని దక్షిణంగా వంతెన వైపు పట్టుకుపోతున్నాయి. నాకు ముందు తల కనిపించింది. తరవాత రెక్క పసుపురంగు కనిపించింది. తరవాత ఏదీ కనిపించలేదు.

గొడుగు పారేసి కరకట్ట వెంట పరుగెత్తాను. పరుగంటే నా పరుగు. ఎదురైనవాళ్ళని తెలుగులో అడిగాను, ఇంగ్లీషులో అడిగాను. ఓ గుజరాతీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని నాతోపాటు నడిచింది, పేరైనా అడగలేదు నేను. ముప్పావుగంటకి, అర మైలు అవతల, రాళ్ళు పేర్చిన గట్టుమీద కూర్చుని వుంది. అరికాళ్ళు చీరుకుపోయి రక్తం. బల్ల పక్కనే వుంది. కాలితాడు తెగలేదు కాబట్టి బల్ల పోలేదు, బల్ల పోలేదు కాబట్టి తనూ పోలేదు. అదొక్కటీ నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకునే సంగతి.

"చెప్పవలసింది అమ్మా నువ్వు" అంది అది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఏం జవాబు చెప్పను? చెబితే పెద్ద బల్ల అంటావు. చెప్పకపోతే చెప్పవలసింది అంటావు. ఈ మాట పైకి అనలేదు. ఎందుకంటే రెండుసార్లూ దానిదే నిజం. 1999లో నేను నా భయం విని మాట్లాడాను. నిన్నగాక మొన్న నా తప్పు గుర్తొచ్చి మాట్లాడకుండా వూరుకున్నాను. రెండుసార్లూ నీళ్ళకేసి చూడలేదు, నాకేసే చూసుకున్నాను. గాలి ఎంతుందో, అది ఎంత అలిసిపోయిందో, పోటో పాటో, ఇవి చూసి మాట్లాడేవాళ్ళెవరైనా ఆ రోజు "ఇవాళ వద్దు, 95ది అద్దెకి తెచ్చుకో" అని వుండేవారు. ఆ ముక్కకి పాతికేళ్ళ చరిత్ర అక్కర్లేదు.

ఇంటికెళ్ళేటప్పుడు కార్లో, "ఆ ఆర్కిటెక్చరు విషయంలో నేను..." అని మొదలుపెట్టాను.

"అదిప్పుడెందుకమ్మా, ఆ తువ్వాలిలా ఇయ్యి" అంది. అంతే. ఆ సంభాషణ అక్కడే వుంది యింకా.

తరవాతి వారం అది స్నేహితురాలిని అడిగి 95 లీటర్ల బల్ల తెచ్చుకుంది. నేను ఒక్క ముక్క అనలేదు, అనిపించుకోనూ లేదు. దాని అంచులన్నీ సొట్టలు, టేపు అతుకులు. ఇది ఎవరూ కొత్తది కొనరట. ఒకరు నేర్చుకోగానే ఇంకొకరికి ఇచ్చేస్తారట. మన వీధుల్లో మూడు చక్రాల నడకబండి వుండేదే, ఎవరింట్లో పిల్ల అడుగులేస్తే వాళ్ళింటికి చేరేది, అలాగన్నమాట. మా నడకబండి మీద మా అమ్మాయి నడిచిందీ, మా ఆడపడుచు పిల్లలు నడిచారు, తరవాత ఎవరు తీసుకెళ్ళారో కూడా గుర్తులేదు. దాని కోసం "ఎల్లాగూ నడక వచ్చాక పనికిరాదు కదా, వద్దు" అన్నవాళ్ళు మాత్రం లేరు.

మొదటిరోజే నించుంది. మూడో వారానికి వంద గజాలు ఎగిరింది. నవంబరుకి 75 మాటలు మొదలయ్యాయి. ఇంక దాని 65 గోడకి ఎదురుచూస్తూ వుంది. ఆ గోడకి బల్లలు తగిలించే కొయ్యచట్రం తనే గీసి, కొలతలు వేసి, చేయించింది. నేను చాలాసేపు చూశాను ఆ కాయితం. గీతలు ఇప్పటికీ అల్లాగే వున్నాయి, సన్నగా, వణక్కుండా.

అన్నట్టు ఆ తెల్లజుట్టాయన్ని ఓ రోజు అడిగాను, ఎన్నాళ్ళనించి యిది అని. మూడేళ్ళట. అదే 110. చిన్నది కొనుక్కోరా అంటే, "ఎందుకు? ఇది నన్ను ఇంటికి తీసుకొస్తుంది" అన్నాడు. కరకట్ట మీద కుర్రాళ్ళు ఆయన్ని చాటుగా వెక్కిరిస్తారని మా మనవడు చెప్పాడు. పెరగనివాడట. ఆయన మొహంలో నాకు పెరగని లక్షణమేమీ కనిపించలేదు. పెరగడం అందరికీ విధాయకమా అన్నది మాత్రం నేనింకా తేల్చుకోలేదు. మేనత్త వుంటే అడుగుదును.

తిరుగుప్రయాణానికి నాలుగు రోజుల ముందు, ఆ 95 బల్ల ఇంకెవరికో ఇచ్చెయ్యబోతూ, "అమ్మా, ఓసారి ఎక్కుతావా?" అంది మా అమ్మాయి. ఫాయిలు విప్పేసి, వూరిమధ్య చెరువులా వుండే లగూన్‌కి తీసుకెళ్ళింది. అలా లేదు, గాలీ లేదు, బాతులు తప్ప ఎవరూ లేరు. నాకు సల్వారుమీద లైఫ్ జాకెట్టు తొడిగింది. బక్కిల్సు బిగిస్తూ, "నీ బరువెంతమ్మా?" అని అడిగింది.

మా ఇంట్లో ఎవరికీ, డాక్టరుకి కూడా, సరిగ్గా చెప్పని అంకె అది. బాతులకేసి చూశాను, నీళ్ళకేసి చూశాను.

"డెబ్భై నాలుగు" అన్నాను.

"95 లోంచి తీసేస్తే ఇరవై ఒకటి. బోలెడు" అంది. వీపు మీద చెయ్యి వేసి, మెల్లిగా తోసింది.